బి అక్షరం దగ్గర

ఆసుపత్రి కౌంటర్లన్నీ మూయించి ఒక గంట వ్యవధిని అతని చేతిలో పెట్టారు. మీట నొక్కాడు, తెర మీద బిల్లుల ఇండెక్స్ తనను తాను తిరిగి కట్టుకోవడం మొదలుపెట్టింది, ఇక అది అయ్యేదాకా చేయగలిగిందేమీ లేదు, చూస్తూ కూర్చోవాలి. లోకంలో అతనికి అస్సలు చేతకాని పని ఏదైనా ఉంటే అది చూస్తూ కూర్చోవడమే. గది ఇరుకు. మనిషి కోసం కాదు, యంత్రాల కోసం చల్లబరిచిన గది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం స్వెటర్ వేసుకునే ఉద్యోగం ఊరు మొత్తానికి నీ ఒక్కడిదే అని భార్య నవ్వేది. నవ్వేది అని ఎందుకనుకున్నాడు, ఇప్పుడు మాత్రం నవ్వదా, నవ్వుతుంది, కాకపోతే ఆ నవ్వు మొదలై కొంతదూరం వచ్చి ఆగిపోతుంది, పరాయి ఇంట్లోకి పొరపాటున అడుగుపెట్టినట్టు. తలుపుకున్న గాజు పలకలోంచి వరండా కనిపిస్తోంది, బెంచీల మీద జనం, కాళ్ళు చాపుకున్నవాళ్ళు, చంటివాళ్ళను భుజం మార్చుకుంటున్నవాళ్ళు, ఎక్స్‌రే కవరుతో విసురుకుంటున్న ముసలాయన. వాళ్ళందరూ ఎదురుచూస్తున్నది డాక్టరు కోసం అనుకుంటారు గానీ నిజానికి ఈ తెర మీద కదిలే ఈ శాతం కోసం.

వారం రోజులుగా గొడవే. ఈ ఆసుపత్రిలో రోగుల వివరాలన్నీ దాచే డేటాబేస్ అతని పూచీ. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ ‘సిస్టం గారు’. కౌంటర్లో కూర్చునే ఆవిడకు గొంతు పెద్దది, మైకు అక్కర్లేకుండానే చివరి బెంచీ దాకా వినిపిస్తుంది గనక మైకక్క అని పేరు పడింది. ఆ మైకక్కే మొదట మొత్తుకుంది. “సిస్టం గారూ, పేరు కొట్టి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంది. ఈలోగా పేషెంటు తనంతట తనే బాగైపోయి ఇంటికెళ్ళిపోయేట్టున్నాడు!” జనం నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు, నిన్న ఒకాయన కౌంటర్ అద్దం మీద అరచేత్తో కొట్టాడు. అతను ముందు తీగల్ని అనుమానించాడు, తీగలు నిక్షేపంగా ఉన్నాయి. డిస్క్‌ను అనుమానించాడు, అదీ బాగానే ఉంది. వెతికే ప్రోగ్రామును ఎవరైనా కెలికారేమో అనుకున్నాడు, ఎవరూ ముట్టుకోలేదు. చివరికి ఇండెక్స్‌ల లోపలికి తొంగిచూస్తే అక్కడుంది అసలు రోగం, వరుస చెదిరిపోయింది, చిల్లులు పడ్డ చేటలా ఉంది. ఇండెక్స్ అంటే మరేమీ లేదని కొత్తగా చేరినవాళ్ళకు చెబుతుంటాడు, పేర్లన్నీ అక్షరాల వరుసలో పేర్చిన పేజీలు, అంతే. నిండిపోయిన పేజీ మధ్యలోకి కొత్త పేరు దూరాలంటే యంత్రం ఆ పేజీని రెండుగా చీల్చి సగాన్ని ఎక్కడో దూరాన ఖాళీ ఉన్నచోట పడేస్తుంది, మిగతాది ఫలానా చోట ఉంది చూసుకోమని గుర్తు రాసిపెడుతుంది. ఎవరైనా వెళ్ళిపోతే వాళ్ళ చోటు ఖాళీగానే ఉండిపోతుంది. అలా చీలీ చీలీ, ఖాళీలు పడీ పడీ, పక్కపక్కన ఉండాల్సినవి ఒక్కొక్కటీ ఒక్కో మూల పడి, ఒక మనిషిని వెతకడానికి యంత్రం ఊరంతా తిరిగిరావాలి. పైకి మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది, అడిగితే జవాబిస్తుంది, కాస్త ఆలస్యంగా. మన ఇల్లూ అంతేగా అనిపించి, ఛ అన్నీ దీనికే ముడిపెట్టకు అని తనను తాను కసురుకున్నాడు.

పొద్దున రికార్డుల మేడమ్‌కు ఇదంతా చెప్పాడు. ఆవిడ బదిలీ మీద వచ్చి ఏడాది కూడా కాలేదు, చెడ్డమనిషి కాదు, రోజూ వందమందితో చివాట్లు తినే మనిషి. మధ్యాహ్నం ఒక గంట కౌంటర్లు ఆపితే మొత్తం తిరిగి కట్టేస్తానన్నాడు. సరేనంది. అంటూనే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, “పనిలో పని, ఆ బేబీ ఆఫ్ ఎంట్రీలు కూడా తీసిపారేయండి. పేరూ ఊరూ లేనివి, పాతవి, గుట్టలుగా పడున్నాయంట. అవి పోతే తేలికవుతుంది కదా?” అంది. అతను తలూపాడు. తల ఎందుకు ఊపాడో తెలీదు, పెద్దవాళ్ళు ఏదైనా చెబితే తల ముందు ఊగుతుంది, మనసు తర్వాత వస్తుంది, అదీ ఎప్పుడో తీరుబడిగా వస్తుంది. గదిలోకొచ్చి తీసివేసే ఆదేశం టైపు చేశాడు కూడా. రెండేళ్ళు దాటినవి, పేరు బేబీతో మొదలయ్యేవి, పేరు మారనివి. ఆఖరి మీట నొక్కలేదు. చూడకుండా ఏదీ తీసెయ్యకూడదన్నది అతని నియమం, కనీసం అదే కారణమని అనుకున్నాడు. పేర్ల ఇండెక్స్‌ను చివరికి ఉంచి బిల్లులవీ మందులవీ ముందు మొదలుపెట్టాడు, తీయాల్సినవి తీశాకే దాన్ని కట్టాలి కదా, తొందరేముంది, ముందు ఒకసారి చూద్దాం.

చూస్తే, అన్ని అక్షరాల్లోకీ బి దగ్గరే ఎక్కువ చిల్లులు. కొన్ని పేజీల్లో సగం, కొన్నిట్లో ఒక్క మూల మాత్రమే మనుషులున్నారు, మిగతాదంతా ఖాళీ. ఎందుకిలా అని కాసేపు బుర్ర గోక్కున్నాడు, తర్వాత అర్థమై చెయ్యి కిందికి దిగిపోయింది. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డా మొదట ఇక్కడికే వస్తుంది. పేరుండదు గనక బేబీ ఆఫ్ అని రాసి పక్కన తల్లి పేరు రాస్తారు. వారానికో నెలకో ఇంట్లో వాళ్ళు పేరు అనుకుని టీకాలకు తీసుకొచ్చినప్పుడు చెబుతారు, మైకక్క ఆ పేరు కొడుతుంది, కొట్టగానే ఆ బిడ్డ ఇక్కడినుంచి లేచి తన అక్షరం దగ్గరికి వెళ్ళిపోతుంది. ఎ దగ్గరికి, కె దగ్గరికి, ఎస్ దగ్గరికి. వెళ్ళినచోట ఒక పేజీ ఇరుకై చీలుతుంది, వచ్చినచోట ఒక ఖాళీ మిగులుతుంది. అంటే ఈ ఖాళీలన్నీ పేర్లు దొరికి వెళ్ళిపోయిన పిల్లలవి. బళ్ళకు వెళుతున్నారు, మోకాళ్ళు చీరుకుంటున్నారు, పళ్ళూడుతున్నాయి, అద్దాలు పగలగొట్టి తన్నులు తింటున్నారు. మరి మిగిలినవాళ్ళు? పేజీకొకరు, పేజీకిద్దరు, అంత ఖాళీలో విడివిడిగా, ఈ మిగిలినవాళ్ళెవరు అని ప్రశ్న వేసుకుంటుండగానే కింది వరుసలో భార్య పేరు కనిపించింది.

బేబీ ఆఫ్, పక్కన ఆవిడ పేరు. మామూలు అక్షరాలే. తెల్ల తెర మీద నల్ల అక్షరాలు.

ఈ ఆసుపత్రిలో ఎవరి వివరాలైనా కన్నుమూసి తెరిచేలోగా చూడగలిగినవాడు, ఈ పేరు మాత్రం ఇన్నాళ్ళుగా ఒక్కసారీ కొట్టలేదు. ఒకట్రెండుసార్లు వేళ్ళు అటు వెళ్ళబోయి వేరే మీట మీద వాలాయి. ఇవాళ వెతకలేదు. అదే ఎదురొచ్చింది, వీధి మలుపులో తెలిసినవాళ్ళు ఎదురైనట్టు. పక్క బ్లాకు, రెండో అంతస్తు, గాజుపెట్టెల గది, ఇక్కణ్ణుంచి నడిస్తే ఎంతో దూరం లేదు, కానీ అతను ఆ మెట్లవైపు వెళ్ళడు, ఆ బ్లాకులో కంప్యూటర్ చెడితే ఇక్కడినుంచే సరిచేస్తాడు, లేదా రేపు చూద్దామంటాడు, ఆ రేపటికి అదే బాగవుతుంది. ఆ రోజు కూడా ఎండాకాలమే. భార్యకు ఆపరేషన్ చేయాల్సొచ్చింది, మత్తులో ఉంది, చాలాసేపు ఉంది, రక్తం పోయి ఆవిడా దక్కుతుందో లేదో అన్నట్టుంది, ఒకచోట నుంచి ఇంకోచోటికి అతను పరుగెత్తుతూనే ఉన్నాడు, ఆవిడ గది బయట నిలబడితే బిడ్డ దగ్గర ఉండాలనిపించేది, బిడ్డ దగ్గరికొస్తే ఆవిడ ఒక్కతే ఉందని గుర్తొచ్చేది. పెద్ద సిస్టర్ చూసి చూసి, “అటూ ఇటూ తిరక్కండి, ఆవిడకు ఇప్పుడేం తెలీదు, పాపకు తెలుస్తుంది, ఇక్కడ కూర్చోండి” అని స్టూలు వేసింది. కూర్చున్నాడు. పెట్టెకు గుండ్రటి కిటికీ, అందులోంచి చెయ్యి పెట్టొచ్చు, పెట్టాడు, ఏం చేయాలో తెలీక ఊరికే పెట్టాడు. గోళ్ళు పెరిగి ఉన్నాయి. కడుపులోనే ఎప్పుడు పెరిగాయో, అప్పటికే కత్తిరించాల్సినంత. జుట్టు తడిగా నుదుటికి అతుక్కుని ఉంది. ఎడమ చెవి పై అంచు కాగితం మడతపడ్డట్టు లోపలికి మడిచి ఉంది, వేలితో తీయబోయి మానేశాడు. నుదుటి మీద నిలువుగా ఒక గీత. ఆ గీత అతనికి తెలుసు. భార్య కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది, కళ్ళజోళ్ళకుండే చీమతలంత స్క్రూలు బిగిస్తున్నప్పుడు రెండు కనుబొమల మధ్య సరిగ్గా అదే గీత పడుతుంది, అప్పుడు ఎవరు పిలిచినా పలకదు. పాప కూడా ఏదో చాలా చిన్న స్క్రూ బిగిస్తున్నట్టు, కాస్త ఆగండి అన్నట్టు, అంత శ్రద్ధగా ఊపిరి తీసుకుంటోంది. మధ్యలో ఒకసారి తుమ్మింది. అంత పిసరంత ప్రాణానికి తుమ్మెలా వచ్చిందో, ఒళ్ళంతా కదిలింది. పెద్ద సిస్టర్ అలవాటు కొద్దీ “చిరంజీవ” అంది. అనేసి గబుక్కున అటు తిరిగి ఏవో సీసాలు సర్దింది. మధ్యాహ్నం దాటకముందే ఊపిరి ఆగింది.

బిల్లుల ఇండెక్స్ అయిపోయింది. మందులది మొదలైంది. శాతం సున్నా దగ్గర నిలబడి ఏదో ఆలోచిస్తోంది.

అత్తయ్య తలుపు దగ్గర నిలబడి అతని చేతులు పట్టుకుంది ఆ సాయంత్రం. “దానికి ఏం చెప్పకు నాయనా. ముక్కు ఎలా ఉంది, మూతి ఎలా ఉంది అని చెప్పావంటే జన్మలో మర్చిపోలేదు. చూడలేదు కదా, ఒక రకంగా అదే మేలు. ఎవరో కలలో వచ్చి పోయారనుకుంటుంది.” ఏడుస్తూ అంది, కూతురి ప్రాణం మీద తీపితో అంది, ఆవిణ్ణి ఏమనగలడు. తల ఊపాడు. భార్యకు మెలకువొచ్చినప్పుడు అతని ముఖం చూసింది, చూసి, అంతా తెలిసిపోయి, గోడవైపు తిరిగింది. అడగలేదు. ఆ రోజూ అడగలేదు, ఇంటికొచ్చాకా అడగలేదు. అడగడం లేదు గనక వినడం ఇష్టం లేదేమో అనుకున్నాడు. గాయం మానుతోంది కెలకొద్దు, ఆవిడే తేలుతోంది, నేను ముంచొద్దు. అలా ఒకరినొకరు చూసుకుంటూ, చూసుకోనట్టు నటిస్తూ, వేసవులు గడిచాయి. దారిలో ఎవరైనా చంటిబిడ్డ బండి తోసుకుంటూ ఎదురైతే ఇద్దరూ ఒక్కసారే వేరే మాట ఎత్తుతారు, ఆవిడ కరెంటు బిల్లంటుంది, అతను చెప్పులు కొనాలంటాడు, రెండు మాటలూ ఢీకొంటాయి, ఇద్దరూ ఆగి, నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకుని, చివరికి ఎవరూ ఏమీ చెప్పరు. ఈలోగా బండి దాటిపోతుంది. ఆ ముఖం ఈ భూమ్మీద తెలిసినవాళ్ళు ఇద్దరే, తనూ, పెద్ద సిస్టరూ. సిస్టర్ రిటైరై వెళ్ళిపోయింది. అంటే ఇప్పుడు తనొక్కడే. తన బుర్రలోంచి కూడా నెమ్మదిగా చెదురుతోంది, చెవి ఎడమదేనా, ఎడమదే, జుట్టు నల్లగా ఉందా కాస్త గోధుమరంగా, తడిగా ఉంటే అన్నీ నల్లగానే ఉంటాయి కదా. తనకేమైనా అయితే? లారీ కింద పడితే? ఆ తుమ్ము ఎవరికీ తెలీకుండా పోతుంది. అంత పెద్ద పని చేసింది పాప, ఊపిరికే అల్లాడుతూ తుమ్మింది, ఆ సంగతి వాళ్ళమ్మకు తెలీదు. ఒక్క మీట నొక్కితే పుట్టిందన్న సంగతి కూడా యంత్రానికి తెలీకుండా పోతుంది. పేరూ ఊరూ లేనివి. తీసిపారేయండి. మెత్తగానే అంది మేడమ్, టేబుల్ మీద దుమ్ము తుడవమన్నట్టు.

తలుపు తోసుకుని ఆవిడే వచ్చింది, రికార్డుల మేడమ్. చలికి కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

“ఎంతదాకా వచ్చింది? బయట ఒకాయన నన్ను పట్టుకుని వదలడం లేదు. ఆ బేబీ ఆఫ్‌లు తీసేశారా?”

“లేదు మేడమ్.”

“ఏం, ఏమైంది?”

“ఆలస్యం వాళ్ళ వల్ల కాదు.” తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. తెర ఆవిడవైపు తిప్పాడు, ఆ వరుస మీదినుంచి మాత్రం ముందే జరిపేశాడు, అది ఆవిడకు చూపించాలనిపించలేదు. “చూడండి, వీళ్ళు ఉన్నదే కొంతమంది. ఒక మూలకు సర్దితే అరచేతిలో పడతారు. ఇబ్బంది పెడుతోంది ఈ ఖాళీలు. పేర్లు మారి వెళ్ళిపోయినవాళ్ళ ఖాళీలు. వీళ్ళను తీసేస్తే ఇంకొన్ని ఖాళీలు పెరుగుతాయి తప్ప ఒరిగేదేం లేదు.”

“మరి మళ్ళీ మూడు నెలలకు ఇదే గొడవ రాదా?”

“వస్తుంది. అందుకే ఈసారి ప్రతి పేజీలో కాస్త చోటు వదిలి కడుతున్నాను, రాబోయేవాళ్ళకు. పుట్టేవాళ్ళు ఎలాగూ పుడతారు కదా. ఆ తర్వాత, పిల్లలకు పేరుతో పని లేకుండా పుట్టగానే నంబరుతోనే వరుస కుదిరేట్టు మార్చేద్దాం. రెండు వారాలు పడుతుంది. మార్చాక ఈ చిక్కు రాదు.”

ఆవిడ తెరను చూసింది, అతన్ని చూసింది. ఏం కనిపించిందో, లేక చలికేనో, ఇంకేం అడగలేదు. “సర్లెండి, ఉండనివ్వండి అయితే. నాకు పని జరగాలి గానీ ఎవర్నో పంపించెయ్యాలని ఏముంది” అని, వెళ్ళబోతూ, “మీరు భోంచేశారా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే వెళ్ళిపోయింది.

తీసివేసే ఆదేశాన్ని ఒక్కో అక్షరమే చెరిపాడు, చివరినుంచి మొదటిదాకా. మందుల ఇండెక్స్ ముగిసింది. పేర్ల ఇండెక్స్ మొదలుపెట్టాడు, చోటు వదలమని చెప్పి మీట నొక్కాడు. ఇప్పుడు లోపల ఆ పేజీలన్నీ కదులుతుంటాయి, దూరంగా విసిరేసినవి ఒకదాని పక్కకు ఒకటి వస్తుంటాయి, ఒక్కో పేజీలో ఒక్కరే బిక్కుబిక్కుమంటూ ఉన్నవాళ్ళంతా పక్కపక్కన చేరుతుంటారు, తల్లుల పేర్ల వరుసలో. ఇందులో తనకు అంత ఓదార్పేముంది, యంత్రం చేసే సర్దుబాటే కదా. అయినా కళ్ళు మసకబారాయి. స్వెటర్ చేత్తో తుడుచుకున్నాడు, ఊలు గుచ్చుకుంది. ఫోను తీశాడు. ఏమని మొదలుపెట్టాలి, ఏం లేదు ఊరికే చేశానంటాడు, భోంచేశావా అంటాడు, అలా ఎన్నిసార్లు అనలేదు, అనీ అనీ ఆ ‘ఊరికే’ కింద ఎంత పూడ్చలేదు.

“చెప్పు” అంది ఆవిడ. వెనక దుకాణం చప్పుడు, ఎవరో అద్దాలు బాగా మసగ్గా ఉన్నాయంటున్నారు.

“పనిలో ఉన్నావా?”

“ఎప్పుడూ పనిలోనే ఉంటాను. ఏమైంది, గొంతేంటి అలా ఉంది?”

“ఏం లేదు.” ఆగాడు. “పాప తుమ్మింది.”

ఏ పాప అని ఆవిడ అడగలేదు. వెనక చప్పుడు మారింది, “ఒక్క నిమిషం కూర్చోండి సార్” అని ఎవరితోనో అంది, తలుపు తీసిన శబ్దం, తర్వాత వీధి, హారన్లు, తర్వాత ఏదో సందులోకి తిరిగినట్టుంది, నిశ్శబ్దం.

“తుమ్మిందా?” అంది.

“ఒక్కసారే. గట్టిగా. ఒళ్ళంతా కదిలింది.”

“ఇంకా?”

చెప్పాడు. గోళ్ళ గురించి, తడిజుట్టు గురించి, చెవి మడత గురించి, సిస్టర్ నోరుజారి దీవించిన సంగతి, నుదుటి మీది గీత, ఆ గీత ఎవరిదో. వరస లేకుండా చెప్పాడు, చెప్పిందే మళ్ళీ చెప్పాడు, ఆవిడ ఎక్కడా ఆపలేదు, అవతల ముక్కు ఎగబీల్చడం మాత్రం వినిపించింది, మధ్యలో ఒకసారి నవ్వు లాంటిదొకటి, అది దారిలో ఆగలేదు, చివరిదాకా వచ్చి ఏడుపైంది.

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం?” అంది చివరికి. కోపం లేదు అందులో, అలసట ఉంది.

“నువ్వు అడగలేదు. వినలేవేమో అనుకున్నాను.”

“నీకు చెప్పడం కష్టమేమోనని అడగలేదు. నువ్వు చూశావు కదా, కళ్ళముందు పోయింది కదా, మళ్ళీ నీ చేత ఎందుకు అదంతా... ఎప్పుడో ఒకరోజు నీ అంతట నువ్వే చెప్తావులే అనుకుంటూ ఉన్నాను.”

తెర మీద శాతం సగం దాటింది. వరండాలో మైకక్క ఎవరినో గదమాయిస్తోంది, ఇంకాసేపట్లో తెరుస్తాం కూర్చోండి అని.

“ఇవాళ ఎందుకు గుర్తొచ్చింది?” అని అడిగింది.

“గుర్తురావడం కాదు. కనిపించింది. ఇక్కడ, రికార్డుల్లో.”

“ఏమని ఉంది?”

“బేబీ ఆఫ్ అని ఉంది. పక్కన నీ పేరు.”

“నా పేరు?”

“నీ పేరే. పేరు పెట్టని పిల్లలకు అలాగే రాస్తారు.” ఈ మాట అంటానని అతను అనుకోలేదు, నోటికొచ్చేసింది. “నువ్వు ఏదైనా అనుకుని ఉంటే చెప్పు. పేరు. దరఖాస్తు పెట్టి మార్పించొచ్చు, ఇప్పటికైనా మారుస్తారు. ఉత్త బేబీ అని ఎందుకుండాలి.”

ఆవిడ ఆలోచించింది. పేరు ఉందని అతనికి ఆవిడ ఊపిరి చప్పుడులోనే తెలిసింది, పాప కడుపులో కదిలిన మొదటి నెలల్నుంచే ఆవిడ దగ్గర ఒక పేరుంది, ఇన్నేళ్ళూ లోపల్లోపల పిలుచుకుంటూనే ఉంది.

“మారిస్తే ఏమవుతుంది?” అంది.

“ఏముంది, అక్కణ్ణుంచి లేచి ఆ పేరున్న చోటికి వెళ్తుంది.”

“నా పేరు పక్కనుంచా?”

అతను తెరవైపు తిరిగాడు, శాతం ఇంకా కదులుతోంది.

“వద్దు” అంది ఆవిడ. “పేరు నీకు ఇంటికొచ్చాక చెప్తాను, నువ్వూ పిలువు. అక్కడ మాత్రం మార్చకు. నా పేరు పట్టుకుని ఉంది కదా, ఉండనీ.”